ఇష్టంతోనే ఇచ్చిన

హైదరాబాద్,
18 జూన్ 2024

అత్తమ్మకు, భూమిక దండాలు.

ఫోనులో నీకు నా మాట వినబడక నువ్వు "ఆఁ? ఆఁ?" అంటుంటే, నేను గొంతు చించుకోలేక ఇద్దరం విసుక్కుంటున్నాం. ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందామని పోయినసారి నువ్వే తేల్చేశావు. సరే, రాస్తున్నాను. ఆఫీసులో కాగితం మీద పెన్నుతో రాస్తుంటే అందరూ నన్ను వింతగా చూస్తున్నారు.

నాన్న సంవత్సరీకానికి వచ్చినప్పుడు అంజన్న చిన్నాయనతో సరిగ్గా మాట్లాడనే లేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరేళ్ళ పిల్లాడి మనసు. చుట్టాలందరూ ఆయన్ని పక్కకు జరుపుతుంటే నా దగ్గరికొచ్చి, జేబులోంచి పసుపు కొమ్ము తీసి, నా చెవి దగ్గర విరిచి, "టక్ అన్నది సూడు భూమీ, మంచిగ ఎండింది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నాన్న పోయాక ఆయనకు గార్డియన్‌గా నువ్వు నిలబడ్డావు, లేకపోతే ఏమైపోయేవాడో.

ఒక మంచి కబురు. ఆయనలాంటి వాళ్ళ ఆస్తి మీద గార్డియన్లకు ఉన్న అధికారాన్ని సవరించే చట్టం కోసం ఇక్కడ ఒక కమిటీ వేశారు. నన్ను అందులో తీసుకున్నారు. ఇప్పటిదాకా గార్డియన్ దరఖాస్తు పెడితే, నలుగురు బంధువులు సంతకం చేస్తే పని అయిపోయేది. భూమి ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఇకమీద ఆ మనిషినే కూర్చోబెట్టి అడగాలి అంటున్నాం. ముందు రెండు జిల్లాల్లో చేసి చూస్తారు. అందులో మనది ఒకటి.

ఆలూర్ దారిలో చిన్నాయన పేరున ఉన్న మూడెకరాలూ బాగున్నాయా? పసుపు వేశారా?

నీ
భూమిక


ఆర్మూర్,
9 జూలై 2024

బిడ్డ భూమికి, అత్తమ్మ దీవెనలు.

ఓ వకీలమ్మా, నీ ఉత్తరం చదివి మస్తు సంబురమైంది. చట్టాలు రాసేంత పెద్దదానివైనవ్. మీ నాయిన ఉంటె ఆర్మూర్ అంగడంత తిరిగి చెప్తుండె.

పసుపు వెట్టినం. మీ చిన్నాయన విత్తనం కొమ్ములు ఒక్కొక్కటి ఏరి వెట్టిండు. వానల తడుసుకుంట సాళ్ల మీదనె కూసున్నడు, ఇంటికి రా అంటె రాడు. "నా చేను, నేనే ఉంట" అంటడు. జ్వరమొచ్చింది, దవాఖానకు తీస్కపోయి సూదేపిచ్చిన. ఫికర్ చెయ్యకు.

నీకొక ముచ్చట చెప్పాలె. వాడు రేకుల కింద పండుకుంటున్నడు. నా మోకాళ్లు పనిచేస్తలేవు, వాన్ని బయటి బాత్రూంకు తీస్కపోలేకపోతున్న. చేన్ల రోడ్డు దిక్కున్న మూల నా పేరు మీదికి ఇచ్చిండనుకో, దాన్నమ్మి వానికి అర్ర కట్టిస్త, బాత్రూం లోపట్నే. దరఖాస్తు పెడ్దామనుకుంటున్న. నువ్వన్నట్టు వాన్నే అడుగుతరంటివి గద. కొత్తోళ్లను చూస్తె వాడు బల్ల కిందికి దూరుతడు, నీకెర్కనే. ఏమడుగుతరో జర ముందుగాల చెప్పు బిడ్డా, వానికి బెదురు లేకుంట చేస్త.

మీ అత్తమ్మ,
లసుమవ్వ


హైదరాబాద్,
2 ఆగస్టు 2024

అత్తమ్మా,

ఆయనకంటూ ఒక గది, అర్ర కట్టిస్తానన్నావు, నా గుండె మీది బరువు కొంత దిగింది. నాన్న చివరి రోజుల్లో చిన్నాయనను నా దగ్గర ఉంచుకోమని అడిగాడు. రెండు గదుల ఇల్లు, పొద్దున పోతే రాత్రికి వచ్చే ఉద్యోగం, ఎట్లా అన్నాను.

నువ్వడిగిన సంగతి. నిజానికి ఇవి బయటివాళ్ళకు చెప్పకూడదు. నువ్వు బయటిదానివా? ప్రశ్నలు మూడే. ఈ భూమి ఎవరిది? దాన్ని ఏం చేయాలనుకుంటున్నావు? నిన్ను ఎవరైనా బెదిరించారా? ఎప్పుడూ ఇదే వరుసలో, ఇవే మాటలతో అడుగుతారు. మాటలు మారిస్తే వాళ్ళు తికమకపడతారని నేనే పట్టుబట్టాను. అడిగేటప్పుడు గార్డియన్ గదిలో ఉండకూడదు.

వీటికి ముందు, మనిషికి విషయం అర్థమవుతుందా లేదా అని ఒక పరీక్ష ఉంటుంది. అంకెలు చదవమని, ముఖ్యమంత్రి ఎవరని అడిగి వాళ్ళను ఓడగొట్టడం అన్యాయమన్నాను. వాళ్ళకు తెలిసిన పనిలోంచే అడగాలన్నాను. పసుపు పండించేవాడి ముందు ఒక కొమ్ము, ఒక గోళ పెట్టి ఏది ఎక్కువ ధర పలుకుతుందని అడిగితే చాలదా? చిన్నాయనే మనసులో ఉన్నాడు అది రాసేటప్పుడు. పొడుగాటి కొమ్ముకూ, ఉండలాంటి గోళకూ తేడా ఆయన కళ్ళు మూసుకుని చెప్తాడు కదా!

ఇంకో వాక్యం కూడా నాదే: "అర్థం చేసుకోగలడని తేలిన మనిషి తన ఇష్టంతో చెప్పిన మాటను బంధువులు గానీ, అధికారులు గానీ కొట్టివేయరాదు." ఇన్నాళ్ళూ వాళ్ళ మాటకు విలువ లేదు అత్తమ్మా. ఇకనుంచి ఉంటుంది.

భూమిక


ఆర్మూర్,
20 అక్టోబర్ 2024

బిడ్డ భూమికి,

బతుకమ్మకు వస్తవని సద్దులు చేసి ఎదురు చూసిన, రాకపోతివి. సరే తియ్, నీ కొలువు నీది.

మీ చిన్నాయనకు సదువు మొదలువెట్టిన. నవ్వకు! ముప్పై ఏండ్లు అంగన్‌వాడీల పోరగాండ్లకు పాటలు నేర్పినదాన్ని, తమ్మునికి మూడు మాటలు నేర్పలేనా? మొదటిదానికి నేర్పే పనే లేదు. చేను ఎవ్వలదిరా అంటె ఎప్పుడడిగినా "నాది" అంటడు. రెండోదానికాడ మొండికేసిండు. "అక్కకిచ్చిన అను" అంటె, "ఇయ్య, నాది" అంటడు. ఒకటే పాట.

నేనేమన్న తక్కువదాన్నా? వాని కీసల కొమ్ములన్ని తీసి డబ్బల పోసి అటుక మీద వెట్టిన. మాట మంచిగ చెప్తె ఒక కొమ్ము, చెప్పకుంటె లేదు. అంగన్‌వాడీల గుడ్డు చూపెట్టి పద్యం చెప్పిచ్చెటోళ్లం గద, గట్లనే. మూడొద్దులు గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడు, బువ్వ గూడ ముట్టలే. ముట్టకుంటె పాయె అని నేను గూడ గిన్నె మూసిపెట్టిన. నాలుగో రోజు పొద్దుగాల అటుక దిక్కు చూసుకుంట "ఇచ్చిన" అన్నడు. కొమ్ము చేతిల పెట్టిన. చెవుకాడ విరిచి పకపక నవ్విండు. మొండోడు గాని, బంగారం.

చేనుకు మాత్రం పోనిస్తలేను. పోతె మళ్ల "నాది" అని మొదలుపెడ్తడు, సదువంత ఖరాబైతది. ఇగ మూడోది నేర్పాలె. "నా ఇష్టంతోనే ఇచ్చిన." నోరు తిరుగుతలేదు, ఇష్టం అననీకి "ఇట్టం" అంటున్నడు. చూస్త.

అత్తమ్మ


హైదరాబాద్,
6 నవంబర్ 2024

అత్తమ్మా,

మూడు రోజులు తినలేదని చదివాను. అలా చేయకు. ఆయనకు బెదురు పోగొడతావనుకున్నాను గానీ మాటలు అప్పజెప్పిస్తావనుకోలేదు. ప్రశ్నలు చెప్పి తప్పు చేశానేమో.

మళ్ళీ అనుకుంటాను, ముప్పై ఏళ్ళు కడిగి, తినిపించి సాకింది నువ్వు. దూరాన కూర్చుని నీకు బుద్ధులు చెప్పడానికి నేనెవరిని? వచ్చి చూద్దామనుకుంటే భయం. వస్తే "నీ వెంట వస్త" అని నా బ్యాగు పట్టుకుంటాడు, పోయినసారి పట్టుకున్నట్టే. అర్ర కోసమే కదా ఇదంతా. తొందరగా అయిపోనీ.

ఆయన్ని చేనుకు పోనీ అత్తమ్మా. నా మాటగా పోనీ.

భూమిక


ఆర్మూర్,
11 మార్చి 2025

బిడ్డా భూమీ,

పాసైండు! మీ చిన్నాయన పాసైండు!

మొన్న సోమవారం ముగ్గురొచ్చిండ్రు. ఒక మేడం, ఒక డాక్టరు సారు, ఇంకో పిల్ల రాసుకునేటందుకు. పసుపు ఉడకబెట్టి ఆరబోసిన టైం గద, కల్లంల నుంచే రెండు కొమ్ములు, ఒక గోళ పట్టుకపోయి డాక్టరు సారు బల్ల మీద పెట్టిండు. ఏది ఎక్కువ ధర పోతది అంజన్నా అన్నడు. గంతే! వీడు కొమ్ము అందుకొని చెవుకాడ విరిచి, "గిది పోతది. గాని ఇంకో రెండెండలు తాగాలె, టక్ అంటలేదు" అన్నడు. సారు కండ్లు ఇంత పెద్దగ చేసిండు.

నన్ను బయటికి పంపిండ్రు. నాకు వినబడకపోతె ఏమైంది, కిటికీలకెల్లి వాని మూతి కనబడ్తనే ఉన్నది. రెండో కొమ్ము చూడంగనె నిటారుగ నిలవడి చేతులు కట్టుకున్నడు. నాది. అక్కకిచ్చిన. నా ఇష్టంతోనే ఇచ్చిన. గడగడ చెప్పిండు. మూడోది వాళ్లు అడగకముందే చెప్పిండు బిడ్డా! దొరికిపోతిమి అనుకున్న. గాని గా మేడం నవ్వుకుంట రాసుకున్నది. పోయేటప్పుడు వాని వీపు తట్టి, ఎంత తెలివైనోడమ్మా అన్నది.

వాడు మాత్రం బల్ల మీది కొమ్ము ఇయ్యమని చెయ్యి చాపుకుంట కూసున్నడు. వాళ్లకేమెర్క, తీసి సంచిల వేసుకున్నరు. ఏడ్సిండు.

అత్తమ్మ


హైదరాబాద్,
15 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

విచారణ నివేదిక నా చేతికొచ్చింది. కొమ్ము విరిచి చూసి ఇంకా రెండెండలు కావాలన్నాడట! కమిటీలో చదివి వినిపిస్తే పెద్దవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మూడో ప్రశ్న అడగకముందే జవాబు చెప్పాడంటే ఆ మనసులో ఎంత స్పష్టత ఉందో చూడండని నేనే అన్నాను. నివేదికలో మొదటి ఉదాహరణగా చిన్నాయన కథ పెట్టాం, పేరు లేకుండా. ఈ చట్టం వస్తే దానికి కారణం ఆర్మూర్ అంజన్న అని నాకు మాత్రం తెలుసు.

అర్ర పని మొదలైందా? ఆయన గోడలకు ఏ రంగు కావాలంటాడో అడుగు. పసుపే అంటాడు.

భూమిక


హైదరాబాద్,
23 జూన్ 2025

అత్తమ్మా,

రెండు నెలలుగా జవాబు లేదు. అందుకే చెప్పకుండా ఆర్మూర్ వచ్చాను. నువ్వు ఏర్గట్లలో పెళ్ళికి పోయావన్నారు. ఇంట్లో నీ కొడుకు ఉన్నాడు. చిన్నాయన ఏడీ అంటే మహేశ్ బావ ఫోనులోంచి తల ఎత్తకుండా, "నిజామాబాద్‌ల ఆశ్రమంల ఏసినం, మంచిగ చూస్కుంటరు" అన్నాడు.

ఆలూర్ దారికి పోయాను. ఈపాటికి విత్తనం పెట్టి, నీళ్ళు పారి ఉండాల్సిన చేను. తెల్ల సున్నం వేసిన రాళ్ళు పాతి ఉన్నాయి, మధ్యలో మట్టి రోడ్లు, గేటు మీద వెంచర్ బోర్డు, కింద ఫోన్ నంబరు మహేశ్ బావది. ఒక మూల కాదు, మూడెకరాలూ. భూమి నీ పేరు మీదికి మార్చిన ఉత్తర్వు ఆఫీసులో తీసి చూశాను. నువ్వు పెట్టిన దరఖాస్తులో మొదటి రోజు నుంచీ మూడెకరాలనే ఉంది. మూల అని నాకొక్కదానికే చెప్పావు.

ఛీ. అన్నం గిన్నె మూసి పెట్టి, జేబులో కొమ్ములు గుంజుకుని, సొంత తమ్ముడి నోట్లోంచి మాట పిండావు. అదంతా నాకు రాస్తూనే చేశావు, నేను చదువుతూనే ఊరుకున్నాను. ఇక ఊరుకోను. ఆ ఉత్తర్వు రద్దు చేయిస్తాను. నీ మీద కేసు పెట్టిస్తాను.

భూమిక


ఆర్మూర్,
1 జూలై 2025

బిడ్డ భూమికి,

నీ ఉత్తరం అందింది. కోపం దిగినంక ఒకసారి నెమ్మదిగ చదువు.

మా నాయినకు ఆరెకరాలు. మూడు మీ నాయినకు, మూడు అంజన్నకు. నాకు గుంటెడు గూడ ఇయ్యలే, ఆడబిడ్డను గద. గాని అంజన్న పియ్యి ఎత్తేటందుకు మాత్రం ఆడబిడ్డ కావాల్సొచ్చింది. పెండ్లయినంక గూడ వాన్ని ఎంట తీస్కపోయిన, అత్తగారింట్ల ఎన్ని మాటలు పడ్డనో నీకేమెర్క. మీ నాయిన తన మూడెకరాలు అమ్మి నిన్ను వకీలును చేసిండు. గప్పుడు ఎవ్వలూ ప్రశ్నలు అడగలే. నా కొడుకు మూడెకరాలు తీసుకుంటె మాత్రం నీకు చట్టం యాదికొచ్చింది.

మీ నాయిన చావంగ వాన్ని ఉంచుకొమ్మని నిన్నే అడిగిండు. నువ్వు ఒక్క నెల గూడ ఉంచుకోలే. నేను పాపం చేసిన్నంటె చేసిన్నే. నువ్వు చెయ్యకుండ తప్పించుకున్నవ్, గంతే ఫరక్.

ఇగ కేసు సంగతి. నీ ఉత్తరాలన్ని బీరువాల ఉన్నయి, తారీకుల వారీగ. బయటోళ్లకు చెప్పొద్దని రాసి మరీ ప్రశ్నలు చెప్పినవు చూడు, గా ఆగస్టు ఉత్తరం అన్నిటికన్న పైనున్నది. కొమ్ము సంగతి గూడ గండ్లనే ఉన్నది. నువ్వు నన్ను కోర్టుకు పిలిస్తె, నేను గదే పట్టుకొని వస్త. నీ కొలువు, నీ చట్టం, నీ ఇజ్జత్ అన్ని ఆలోచించుకో.

ఆకలిగుంటె వచ్చి తిని పో. నీకు నా ఇల్లు ఎప్పుడూ తెరిచే ఉంటది.

అత్తమ్మ


హైదరాబాద్,
14 అక్టోబర్ 2025

అత్తమ్మా,

నువ్వు బీరువా తెరవాల్సిన పని లేదు. నా ఉత్తరాలకు నకళ్ళు లేవు గానీ, నీ ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. అవన్నీ కమిటీకి నేనే ఇచ్చాను. నేనేం రాశానో కూడా ఒక్క మాట దాచకుండా రాసిచ్చాను. నన్ను కమిటీలోంచి తీసేశారు. తీసేయాల్సిందే. నువ్వన్న మాటల్లో నాకు తగిలినవి నిజమే.

చిన్నాయనను మళ్ళీ అడగాలన్నాను. ఒప్పుకున్నారు. పోయిన వారం వేరే ముగ్గురు ఆశ్రమానికి పోయారు. ఈసారి నేను కూడా వెళ్ళాను, గది బయట నిలబడ్డాను. పద్ధతి ప్రకారం బల్ల మీద కొమ్ము, గోళ పెట్టారు. ఏడు నెలల తర్వాత కొమ్మును చూశాడు. చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. నాది, అక్కకిచ్చిన, నా ఇష్టంతోనే ఇచ్చిన. ఒక్క అక్షరం తప్పలేదు. "ఇష్టం" అని స్పష్టంగా అన్నాడు.

నేర్పించిన మాటలు అవి, ఉత్తరాల్లో ఉంది చూడండి అని వాళ్ళ కాళ్ళ మీద పడినంత పని చేశాను. వాళ్ళలో పెద్దాయన మా కమిటీ నివేదిక తెరిచి, నేను రాసిన వాక్యమే, అర్థం చేసుకోగలడని తేలిన మనిషి తన ఇష్టంతో చెప్పిన మాటను ఎవరూ కొట్టివేయరాదు అని చదివి వినిపించాడు. రెండుసార్లు, రెండు బృందాల ముందు, ఒకే మాట చెప్పాడమ్మా, ఇంతకన్నా ఏం కావాలి అన్నాడు. ఉత్తర్వు ఖాయమైంది. నీ మహేశ్‌కు చెప్పు, ప్లాట్లు అమ్ముకోమను.

వాళ్ళు పోయాక నేను లోపలికి వెళ్ళాను. చిక్కిపోయాడు. తల గుండు చేశారు, పేలు పడ్డాయట. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. అంగట్లో కొన్న కొమ్ములు నాలుగు తీసుకుపోయాను. ఒకటి బయటికి తీసి, "అన్నం తిన్నవా చిన్నాయనా?" అన్నాను. చేతులు కట్టుకున్నాడు. "నా ఇష్టంతోనే ఇచ్చిన" అన్నాడు. నొప్పి ఉందా అన్నాను. "నా ఇష్టంతోనే ఇచ్చిన." నా వెంట వస్తవా అన్నాను అత్తమ్మా, ఈసారి నిజంగానే తీసుకుపోదామని అడిగాను. అదే మాట చెప్పి చెయ్యి చాపాడు.

చేతిలో కొమ్ము పెట్టాను. చెవి దగ్గర విరిచి, నవ్వాడు. నేను అక్కడ ఉండలేక వచ్చేశాను.

ఇది నా ఆఖరి ఉత్తరం.

భూమిక


ఆర్మూర్,
22 అక్టోబర్ 2025

బిడ్డ భూమికి,

ఆఖరిదంటివి గాని నీకొక్క మాట చెప్పకుంటె నాకు నిద్రపట్టది.

నువ్వు కొమ్ము చూపెట్టినవ్. వాడు మాట చెప్పిండు. నువ్వు కొమ్ము ఇచ్చి, వాన్ని ఆడనె ఇడిసిపెట్టి వచ్చినవ్. నేను నేర్పింది గూడ గట్లనే బిడ్డా, గంతకంటె ఎక్కువేం చెయ్యలే.

మీ అత్తమ్మ,
లసుమవ్వ